మా పైకప్పులో అరుంధతి లేదు

ఒకటో రోజు

తెర కంపెనీవారి ఆదేశం మేరకు ఈ లోపాల పుస్తకం రాయడం మొదలుపెడుతున్నాను. రాయకపోతే మెకానిక్ రాడట. రాస్తే వస్తాడని మాత్రం ఎవరూ అనలేదు.

రాసేది: వినీత్, ఇరవై రెండేళ్ళు, బి.ఎస్సీ. గాలిశాస్త్రం, రెండో శ్రేణి. నివాసం: భూమి లోపలి కింది ఊరు, మూడో మట్టం, పంపుల వరస, పదకొండో ఇల్లు.

లోపం: నిన్న దీపాల వేళ ఆకాశం వేసుకున్నాం. పైకప్పు తెరలో ఉత్తరం వైపు అరచేయంత నల్లమచ్చ. సప్తర్షుల తోకలో సరిగ్గా మధ్య చుక్క దగ్గర. అంటే వసిష్ఠుడు సగం, ఆయన భార్య అరుంధతి పూర్తిగా గల్లంతు.

ఇంకెప్పుడైనా అయితే ఒక ఋషి భార్య కనబడకపోవడాన్ని నేను ఇంత పట్టించుకోను. కానీ ఇవాళ్టి నుంచి నలభయ్యో రోజున మా అక్క స్వరూప పెళ్ళి. మా కింది ఊళ్ళో పెళ్ళికి పిల్ల కావాలి, పిల్లగాడు కావాలి, పైకప్పులో అరుంధతి కావాలి. ఆమె కనిపించని ఇంట్లో తాళి కట్టరు. కనిపించే ఇల్లు వెతుక్కుని అక్కడికి పోయి కట్టించుకోవాలి. అప్పుడు ఆ ఇంటివాళ్ళే పెళ్ళిపెద్దలు. మొదటి తాంబూలం వాళ్ళకి, పెళ్ళిఫొటో వాళ్ళ గోడకి.

విజ్ఞప్తి: త్వరగా రాగలరు.

రెండో రోజు

సహాయిక అనే గొంతుతో మాట్లాడాను. ఎంతో మర్యాదగల గొంతు. అరగంటలో ఏడుసార్లు "గౌరవనీయ వినియోగదారుడా" అంది. మా ఇంట్లో ఇరవై రెండేళ్ళు ఉన్నా దక్కని గౌరవం అది.

తెర ఆపి మళ్ళీ వెయ్యమంది. వేశాను. మచ్చ ఉంది. పొడిగుడ్డతో తుడవమంది. స్టూలెక్కి తుడిచాను. మచ్చ ఉంది, ఇప్పుడు తళతళలాడుతూ ఉంది. ఫొటో తీసి పంపమంది. పంపాను.

ఐదో రోజు

కంపెనీ జవాబు: "మీరు పంపిన ఫొటోలో సదరు భాగం చీకటిగా ఉన్నందున లోపాన్ని పరిశీలించలేకపోతున్నాము. వెలుతురులో తీసి పంపగలరు."

టార్చిలైటు వేసి తీసి పంపాను.

సాయంత్రానికల్లా జవాబు: "ఫొటోలో వెలుతురు బాగానే ఉంది. లోపం తొలగినట్టు భావిస్తున్నాము. మీ సంతోషమే మా సంతోషం."

మళ్ళీ ఫోన్ చేసి నాకు సంతోషం లేదని విన్నవించాను. కొత్త ఫిర్యాదుగా నమోదు చేసి వరసలో అట్టడుగున పెట్టారు.

పదో రోజు

ఈ పుస్తకంలో "పరిసరాల వివరాలు" అని ఒక గడి ఉంది. మా పరిసరాల్లో ఉన్నది సాకేత్.

పక్కిల్లు, పన్నెండో నంబరు. మూడో తరగతి నుంచి నా బెంచీయే. నేను చదివిన చదువే చదివాడు, మొదటి శ్రేణిలో. పంపుల ఆఫీసులో నేను గాలి లెక్కలు రాసే గుమాస్తాని, ఆ లెక్కలు తప్పని చెప్పే ఆఫీసరు వాడు. జుట్టు కూడా నాకంటే ఒత్తు. ఇవన్నీ నేను పెద్దమనసుతో భరించాను. వాడి పైకప్పును మాత్రం భరించలేకపోతున్నాను.

మామూలుగా అరుంధతి అంటే వసిష్ఠుడి పక్కన నుసిలాంటి చుక్క. కళ్ళు చికిలించి, పక్కవాణ్ణి అడిగి, చివరికి కనిపించిందని ఒప్పుకోవాలి. సాకేత్ ఇంట్లో అలా కాదు. గడపలో నిలబడి తల ఎత్తితే చాలు, మొగుడికంటే నాలుగింతలు వెలిగిపోతూ ఉంటుంది. ఒకటో మట్టం నుంచి ఐదో మట్టం దాకా జనం వచ్చి ఇప్పటికి పద్దెనిమిది పెళ్ళిళ్ళు ఆ చుక్క కింద చేసుకున్నారు. పద్దెనిమిది జంటల ఫొటోలు గోడమీద. వాళ్ళమ్మ లలితత్త రోజూ వాటిని తుడుస్తూ, తలుపు తీసే పెడుతుంది. ఎందుకు తీసిపెడుతుందో నాకు తెలుసు.

మా మచ్చ సంగతి తెలిసి ఇవాళ సాకేత్ వచ్చాడు.

"అక్క పెండ్లి మా ఇంట్ల పెట్టుకోర్రి రా. అమ్మ గూడ గదే అంటున్నది. మీ ఇల్లే అనుకోర్రి" అన్నాడు.

నిజంగానే అన్నాడు, మనస్ఫూర్తిగా. అదీ నాకున్న బాధ. వాణ్ణి తిట్టుకోవడానికి కూడా వాడు సౌకర్యంగా ఉండడు.

బాపమ్మ, అంటే మా నాన్న తల్లి, ఆకు నములుతున్నది ఆపేసింది. ఈ వరసలో మొట్టమొదట పెళ్ళి చేసుకుని కాపురం పెట్టింది తను. తన పెళ్ళి, మా నాన్న పెళ్ళి ఈ ఇంట్లోనే అయ్యాయి. మనుమరాలి పెళ్ళి పక్కింట్లో అయితే తాను ఆ పూట పెళ్ళిపీటల దగ్గరికి రానని, మంచంమీదే ఉంటానని చెప్పి గోడవైపు తిరిగింది. అమ్మానాన్న ఒకరినొకరు చూసుకున్నారు. చివరికి తీర్పు ఇది: ముహూర్తంలోగా మచ్చ పోతే మనింట్లో. పోకపోతే సాకేత్ వాళ్ళింట్లో.

మచ్చ పోగొట్టే బాధ్యత చదువుకున్నవాడివని నాకు అప్పగించారు.

పదహారో రోజు

కంపెనీ కొత్త మాట: తెర అల్లికలోని సన్న వెలుగుచుక్కలు వెయ్యి వరకు ఆరిపోవడం సహజమైన వృద్ధాప్యమట. వెయ్యి దాటితేనే లోపమట.

రెండు రోజులు సెలవు పెట్టి, స్టూలెక్కి, భూతద్దంతో లెక్కపెట్టాను. వెయ్యిన్నీ మూడువందల పన్నెండు. మధ్యలో అక్క రెండుసార్లు పలకరించి లెక్క తప్పించింది. మెడ పట్టేసింది. లెక్క పంపాను.

జవాబు: "చుక్కలను లెక్కించే అధికారం మా సిబ్బందికి మాత్రమే కలదు." మీ సిబ్బందిని పంపండి మరి అన్నాను. లెక్క వెయ్యి దాటినట్టు తేలితేనే సిబ్బందిని పంపుతారట.

గొంతు మర్యాదలో లోపం లేదని ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను.

ఇరవై రెండో రోజు

ఈరోజు జరిగింది జాగ్రత్తగా రాయాలి.

పెళ్ళికొడుకు నరేందర్ బావ వాళ్ళు ఐదో మట్టం నుంచి వచ్చి సాకేత్ ఇల్లు చూశారు. లలితత్త సర్వపిండి చేసింది. అది కూడా బాగుంది. దీపాల వేళ ఆకాశం వేశారు. పైకప్పు నిండా సాయంత్రం పరుచుకుంది. నరేందర్ బావ తల్లి తల ఎత్తి, అబ్బ, దీపం పెట్టినట్టున్నది అంది. లలితత్త కొంగు సర్దుకుంది. మా అమ్మ కూడా తల ఊపింది. నేను మాత్రం నాలుగో సర్వపిండి తీసుకున్నాను.

పది నిమిషాలకు అందరూ లేచి కట్నకానుకల జోలి లేకుండా భోజనాల లెక్క మాట్లాడుకోవడానికి ముందుగదిలోకి పోయారు. ఎప్పుడూ అంతే. ఆకాశం కరెంటు తాగుతుందని ఎవరింట్లోనైనా చప్పున ఆపేస్తారు. ఇవాళ ఆపడం మరిచిపోయారు. నేను నేలమీద వెల్లకిలా పడుకుని ఆ చుక్కను చూస్తూ ఉండిపోయాను. భక్తి కాదు, కడుపుమంట.

మా ఆకాశం అసలుది కాదని అందరికీ తెలుసు. పైన కెమెరాలు ఏనాడో దుమ్ముకు పోయాయి. కంపెనీ దగ్గర మిగిలింది పాత వైశాఖ సాయంత్రం ఒక్కటే. దాన్నే రోజూ దీపాల వేళ మొదటి నుంచి వేస్తారు. పాతదైతేనేం, అందులో చుక్కలు మెల్లగా పడమటికి నడుస్తాయి. (మా ఇంటి అరుంధతి కూడా గంటకు మచ్చ దాటి వస్తుంది కాబోలు, కానీ ముహూర్తం గంట ఆగదు.) సప్తర్షులూ నడిచారు. వసిష్ఠుడు బెత్తెడు దూరం పోయాడు.

అరుంధతి కదల్లేదు.

గంటసేపు చూశాను. ఏడుగురు ఋషులూ గోడ అంచుకు చేరారు. ఆ మహా పతివ్రత ఉన్నచోటే ఉంది. భర్త వెంట పోయే ఉద్దేశమే లేదు ఆవిడకు. ఎందుకంటే ఆవిడ చుక్క కాదు. తెరలో ఆరకుండా ఇరుక్కుపోయిన ఒక వెలుగు. లోపం. పద్దెనిమిది పెళ్ళిళ్ళు చేసిన లోపం.

బయటకు వచ్చి వరస చివరిదాకా నడిచి ఒక్కణ్ణే నవ్వుకున్నాను. తిరిగి వచ్చేటప్పటికి నవ్వు పోయింది. మా తెరా చెడిందే, వాడి తెరా చెడిందే. అదే కంపెనీ, అదే చోటు. నాకు బొక్క పడింది, వాడికి దేవత వచ్చింది. వాడి లోపం కూడా నా లోపంకంటే అందంగా ఉంది.

ఇరవై మూడో రోజు

ఒక పౌరుడిగా నా కర్తవ్యం నిర్వర్తించాను. పన్నెండో ఇంటి తెరలో ఒక చుక్క ఆరడం లేదని ఫిర్యాదు చేశాను. "మీకూ ఆ ఇంటికీ సంబంధం?" అని గొంతు అడిగింది. పొరుగువాణ్ణన్నాను. "ఫిర్యాదుకు కారణం?" అంది. పొరుగువారి మేలు కోరి, అన్నాను.

"రేపు పొద్దున మెకానిక్ వస్తారు, గౌరవనీయ వినియోగదారుడా."

రేపా? ఇరవై మూడు రోజులుగా నాకు దొరకని మెకానిక్ రేపా? గొంతు ఓపికగా వివరించింది. వెలుగు ఎక్కువైతే కరెంటు వృథా కాబట్టి అది అత్యవసరం. చీకటి వల్ల కంపెనీకి నష్టం లేదు కాబట్టి దానికి తొందర లేదు.

ఇరవై నాలుగో రోజు

వచ్చింది. ఝాన్సీ అనే మెకానిక్, నా వయసే ఉంటుంది. పది నిమిషాల పని. తెరలో ఒక పట్టీ తీసి ఇంకో పట్టీ పెట్టింది.

బయట పట్టుకుని, ఎలాగూ వచ్చారు, మాది కూడా ఒక్కసారి చూడండి అని బతిమాలాను. చేతిలో చీటీ చూపించింది.

"ఇది పన్నెండో ఇంటి చీటీ అన్నా. మీది వేరే చీటీ. చీటీ లేకుంట నేను తల ఎత్తి గూడ చూడొద్దు."

నిజంగానే తల ఎత్తకుండా వెళ్ళిపోయింది.

దీపాల వేళ పక్కింట్లోంచి లలితత్త గొంతు, ఎటు పోయిందిరా అని. వసిష్ఠుడి పక్కన అసలు అరుంధతి నుసిలా ఉండే ఉంటుంది. కానీ పదేళ్ళు దీపాన్ని చూసిన కళ్ళకు నుసి ఆనుతుందా.

నేను గెలిచాను. రాత్రి అన్నం సయించలేదు. రెండు విషయాలకూ సంబంధం లేదని నమోదు చేస్తున్నాను.

ఇరవై ఎనిమిదో రోజు

జంటలు వస్తున్నాయి. మట్టం మట్టానికీ కబురు పోయింది. పెళ్ళయి ఎనిమిదేళ్ళయిన వాళ్ళు, చంకలో పిల్లలతో, వరసలో నిలబడి లోపలికి పోయి తల ఎత్తి చూసి బయటికి వస్తున్నారు. లిఫ్టు నడిపే ఓదెలన్న, ఆయన భార్య రాజవ్వ ప్రతి ఏడూ పెళ్ళిరోజుకు వచ్చి ఆ చుక్కకు దండం పెట్టుకుని పోయేవాళ్ళు. ఇవాళ ఓదెలన్న నన్నే అడిగాడు.

"సదువుకున్నోనివి గదా తమ్మీ. గది పోతే మాది పోయినట్టేనా?"

నేను చదివింది గాలిశాస్త్రం అన్నా, అని చెప్పి పంపుల వైపు నడిచాను.

లలితత్త ఫొటోలు తుడవడం మానేసింది. తలుపు కూడా మూసే ఉంటోంది. ఆ తలుపు మూసుకోవాలని నేను ఎన్నిసార్లు కోరుకున్నానో ఈ పుస్తకంలో గడి లేదు కాబట్టి రాయడం లేదు.

ముప్పై ఒకటో రోజు

నరేందర్ బావ తల్లి కబురంపింది. మీ ఇంట్లో మచ్చ, పక్కింట్లో చుక్క పోయింది, ఇవన్నీ ఏం సూచనలో, పెళ్ళి కొన్నాళ్ళు ఆపుదాం అని. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని లేవలేదు. నాన్న పంపులకు పోలేదు. అక్క నన్ను ముందుగదిలోకి పిలిచి తలుపు వేసింది.

"నువ్వేనా?"

ఏది నేనేనా అన్నాను.

"పక్కింటికి మెకానిక్ వచ్చిన్నాడు నువ్వు గడపల నిలవడి గోర్లు కొరుకుతున్నవ్. చిన్నప్పుడు సాకేత్ సైకిల్ల గాలి తీసిన్నాడు గూడ గట్లనే కొరికినవ్."

చెప్పేశాను. మొత్తం. వసిష్ఠుడు వెళ్ళిపోవడం, ఆవిడ వెళ్ళకపోవడం కూడా. అక్క కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది.

"నా పెండ్లి ఎవరింట్ల అయితే నాకేందిరా. నరేందర్‌తోని అయితే చాలనుకున్న. గిప్పుడు అదే లేకుంటైతున్నది" అంది. తలుపు తీస్తూ, "సాకేత్‌కు నువ్వే చెప్పాలె" అంది.

రేపు చెబుతాను.

ముప్పై రెండో రోజు

చెప్పలేదు. కానీ ఇంకొకటి జరిగింది.

అక్కా నేనూ మాట్లాడుకున్నది గోడ అవతల, గోడవైపే తిరిగి పడుకున్న బాపమ్మ అంతా విందట. పొద్దున్నే లేచి కూర్చుని, నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, తన పెళ్ళి ఏ తెర కింద అయిందని అనుకుంటున్నావని అడిగింది. ఇదే కదా అన్నాను.

"మేము దిగిననాడు తెరలెక్కడియిరా? పైన బొగ్గురాయి. నల్లగ, నీళ్ళు కారుకుంట. అయ్యగారు ఆ రాయి దిక్కే కర్ర చూపెట్టి, అగో అరుంధతి, కనవడ్డదా అన్నడు. కనవడ్డది అన్న."

"అబద్ధమాడినవా బాపమ్మా?"

"అబద్ధమెందుకు? మీ తాత మెడ ఎత్తి నిజంగనే ఎతుకుతున్నడు ఆ రాయిల. పాపం, దొరుకుతదనుకున్నడు. ఆ మెడకింద ఇంత పుట్టుమచ్చ. అప్పటిదాక ఆ మనిషిని నేను సక్కగ సూడనే లేదు. కనవడ్డది అన్న."

ఆ మాట చెప్పి ఆకు వేసుకుంది. మధ్యాహ్నం అక్కను వెంటేసుకుని, మోకాళ్ళనొప్పులతో, లిఫ్టులో ఐదో మట్టానికి దిగిపోయింది. అక్కడ నరేందర్ బావ తల్లితో ఏం మాట్లాడిందో నాకు తెలియదు. అక్క చెప్పింది ఒక్కటే: మాటల మధ్యలో లోపలి గదిలోంచి నరేందర్ బావ నాయనమ్మ లేచి వచ్చి, మా పెండ్లిల గూడ పైన రాయే అందట.

పెళ్ళి ఆగలేదు. మా ఇంట్లోనే. మచ్చతో సహా.

నలభయ్యో రోజు

దీపాల వేళ ముహూర్తం. జనం ఇంట్లో పట్టలేదు. బాపమ్మ పట్టుబట్టి పద్దెనిమిది జంటలనూ పిలిపించింది. లలితత్త రానందట, బాపమ్మే వెళ్ళి చెయ్యి పట్టుకుని తెచ్చి, మొదటి తాంబూలం ఆమె చేతిలోనే పెట్టింది. సాకేత్ బంతిలో వడ్డించాడు. వడ్డన కూడా నాకంటే నీటుగా చేశాడు.

తాళి అయ్యాక ఆకాశం వేశారు. పూజారి సుదర్శనాచారి కర్ర ఎత్తి, మచ్చను చూసి, గొంతు సవరించుకుని, ఆ నలుపు నట్టనడుమకు చూపించాడు.

"అదిగో అరుంధతి. కనిపించిందా అమ్మా?"

అందరం తలలెత్తాం. నేను స్టూలెక్కి లెక్కపెట్టిన వెయ్యిన్నీ మూడువందల పన్నెండు చుక్కల చీకటి. నరేందర్ బావ నోరు కొంచెం తెరిచి నిజంగానే వెతుకుతున్నాడు. అక్క పైకి చూడలేదు. బావను చూస్తోంది.

"కనిపించింది" అంది.

నా వెనక రాజవ్వ మెల్లగా, నాకు గూడ అంది. ఓదెలన్న ఆమె భుజంమీది కొంగు సరిచేశాడు. తరవాత ఇంకెవరో అన్నారు. ఇంకెవరో. నేను పక్కకు తిరిగి చూస్తే లలితత్త ఏడుస్తూ నవ్వుతోంది.

పెళ్ళిఫొటో మా గోడమీద పెట్టాం.

నలభై మూడో రోజు

తలుపు తీస్తే మెకానిక్ ఝాన్సీ. చేతిలో మా ఇంటి చీటీ. నా ఫిర్యాదు వరసలో ఇంకా అట్టడుగునే ఉంది. ఇది నిన్న కొత్తగా వచ్చిందట. మా తెరలో ఒకచోట వెలుగు ఎక్కువైందని ఎవరో ఫిర్యాదు చేశారట, అందుకే అత్యవసరం కింద వచ్చింది. ఎవరని అడిగితే చీటీ నా చేతికిచ్చింది. ఫిర్యాదుదారు: సాకేత్, పన్నెండో ఇల్లు. కారణం: పొరుగువారి మేలు కోరి.

అది నా మాట, అక్షరం పొల్లుపోకుండా. నేను దాన్ని రాయించిన చీటీ ఆరోజు వాళ్ళింటికి పోయింది కదా. వాడు ఆరోజే చదివాడు. చదివి, ఎవరితోనూ అనకుండా, మా అక్క పెళ్ళిలో వడ్డించాడు.

తలెత్తితే గడపలో సాకేత్.

"చెప్పాలనుకున్న రా" అన్నాను.

"ఎరుకే" అన్నాడు. "అది చుక్క కాదని గూడ నాకు ఎప్పటిసందో ఎరుక. నేను దానికిందనే పండుకుంట గదా. అమ్మ సంబురం చూసి చెప్పలే." మా గోడమీది పెళ్ళిఫొటో వైపు చూశాడు. "పద్దెనిమిది పెండ్లిళ్ళయినయ్ మా ఇంట్ల. ఒక్కటి గూడ మావోళ్ళది కాదు."

ఝాన్సీ అప్పటికే స్టూలెక్కింది. పట్టీ చేతిలో ఉంది. "పది నిమిషాల పని, తీయనా అన్నా? ఇప్పుడు వద్దంటే మళ్ళీ వరస మొదటికొస్తది" అంది. నలభై మూడు రోజులు ఈ మాట కోసమే ఎదురుచూశాను. లోపల బాపమ్మ ఆకు నమలడం ఆపిన చప్పుడు, అంటే చప్పుడు ఆగిన చప్పుడు వినిపించింది.

వద్దన్నాను.

వద్దంటే కారణం రాసి సంతకం పెట్టాలట. గడిలో ఇలా రాశాను: లోపం లేదు. మా అక్క అక్కడ చూసింది.

ఆమె వెళ్ళిపోయాక కూడా సాకేత్ పోలేదు. గడపలోనే నిలబడి మా పైకప్పులోని చీకటిని చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. మూడో తరగతి నుంచి దాన్ని మోసింది నేనే. వాడి ముఖంమీద చూడటం ఇదే మొదటిసారి. నేను చేసినదానికి వాడు నాకు మేలు చెయ్యాలనుకున్నాడో, నా మచ్చను చెరిపెయ్యాలనుకున్నాడో నేను అడగలేదు. అడిగితే వాడికీ తెలియదని చెబుతాడు. నాకూ ఆరోజు తెలియలేదు.

లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, నా చేత్తో టీ పెట్టి ఇచ్చాను.

చక్కెర ఒక చెంచా తక్కువ వేశాను.